మూడు గోదారులు ఆగాలి: అంగన్‌వాడీ టీచర్లతో మా ప్రాజెక్టు డైరీ

జూన్ మూడో వారం

పొద్దున్నే కోటిపల్లి రేవులో పంటు (బళ్లనీ జనాన్నీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగాం. మా జట్టు ముగ్గురం: నేను, ఎమ్మే సైకాలజీ చదివిన ఒక అమ్మాయి, ముప్ఫై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో చెప్పి రిటైరైన ఒక మాస్టారు. కోనసీమలో ఐదు అంగన్‌వాడీ సెంటర్లు తీసుకున్నాం. రెండు గోదారి పాయ గౌతమి పక్కన లంక ఊళ్లలో, రెండు కాలవ గట్టున, ఒకటి అమలాపురానికి దగ్గర్లో. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో టీచర్లు రోజూ ఎలా మాట్లాడుతున్నారో ముందు కూర్చుని వినాలి, ఆ తర్వాత ఆ మాటలో ఏం మార్చొచ్చో వాళ్లతో కలిసి చూడాలి. ప్రాజెక్టు అంటే ఇంతే. పిల్లలకి పరీక్షలేం పెట్టడం లేదు.

ఈ వారమంతా తల్లుల దగ్గర అనుమతులతోనే సరిపోయింది. ఫొటోలు తియ్యం, వీడియో తియ్యం, గొంతు మాత్రమే రికార్డు చేస్తాం, లెక్క రాసుకోవడం అయిపోగానే చెరిపేస్తాం అని ఒక్కొక్కరికీ విడిగా చెప్పాం. "మా పిల్ల అసలు మాట్లాడదండీ, దాన్ని రికార్డు చేసి ఏం చేసుకుంటారండీ" అంది లంకలో ఒక తల్లి. ఆ పాప నాలుగేళ్లది, ఆవిడ కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. సంతకం పెట్టించుకున్నాం గానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

జూన్ ఆఖరి వారం

మొదటి రికార్డింగులు విన్నాం. ఒక్కో సెంటర్లో పొద్దున్న పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడే పది నిమిషాలు తీసుకున్నాం. నేనూ ఆ అమ్మాయీ ఒకే రికార్డింగు విడివిడిగా విని టీచర్ అడిగిన ప్రశ్నలు లెక్కపెడితే నాకు 31 వచ్చాయి, తనకి 22. ఇంత తేడా ఉంటే ఆ లెక్కకి విలువ లేదు. మళ్లీ మొదటి నుంచి వింటే సంగతి తెలిసింది: మన తెలుగులో ప్రశ్న ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం. "ఇది పడవ కదా?" అన్నది ప్రశ్నా? "పడవా?" అని దీర్ఘం తీస్తే? "చెప్పండీ..." అని సాగదీస్తే? ఒక సాయంత్రమంతా కూర్చుని నియమాలు రాసుకున్నాం. "కదా" వేరే గడిలో వేయాలి. ఒక్క మాటతోనో, అవును కాదు అనో తేలిపోయేది మూసిన ప్రశ్న. ఎలా, ఎందుకు, నువ్వైతే ఏం చేస్తావ్ లాంటివి తెరిచిన ప్రశ్నలు. ఈ నియమాలతో మళ్లీ వింటే ఇద్దరి లెక్కా దగ్గరికొచ్చింది. ఇది చాదస్తంలా కనిపించొచ్చు గానీ, ఇద్దరు విన్నది ఒకటి కానప్పుడు దాని మీద కట్టిన పరిశోధన ఏదీ నిలబడదు.

ఐదు సెంటర్లలోనూ ఒకటే వరస. టీచర్ బొమ్మ చూపిస్తుంది, "ఇదేంటి?" అంటుంది, పిల్లలు నోరు తెరిచేలోపే "పడవ! అందరూ చెప్పండి, పడవ" అనేస్తుంది. పిల్లలు కోరస్‌గా "పడవ" అంటారు. పక్క బొమ్మకి వెళ్లిపోతుంది. తెరిచిన ప్రశ్నలు ఒక సెంటర్లో రెండు ఉన్నాయి, మరో సెంటర్లో ఒక్కటీ లేదు. ఇందులో ఆ టీచర్లని తప్పుపట్టడానికేం లేదు. మనమందరం అలాగే నేర్చుకున్నాం, వాళ్లూ అలాగే నేర్పుతున్నారు.

జూలై మొదటి వారం

అమలాపురంలో ఒక హాలు తీసుకుని రెండు రోజులు శిక్షణ పెట్టాం. ప్రొజెక్టరూ, భోజనాలూ, అన్నీ సక్రమంగానే జరిగాయి. జాతీయ విద్యా విధానం 2020 ఏం చెప్పింది, మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా ఎందుకు చూడమంటోంది, ఆ దశకి 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలో ఆటకీ మాటకీ ఎంత చోటిచ్చారు, ఇవన్నీ నేనే చెప్పాను. ఆరేళ్ల లోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందన్న మాట కూడా చెప్పాను. టీచర్లు నోట్సు రాసుకున్నారు, తలలూపారు.

తర్వాతి సోమవారం సెంటర్లకి వెళ్లి వింటే ఏమీ మారలేదు. "ఇదేంటి? పడవ! అందరూ చెప్పండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు రోజులు వాళ్ల ముందు నేను చేసింది కూడా అచ్చంగా అదే. ప్రశ్న వేశాను, నేనే జవాబు చెప్పాను, స్లైడు మార్చాను. మాట్లాడనివ్వమని మాట్లాడనివ్వకుండా నేర్పాను. టీచర్ల శిక్షణ మీద చాలా పనిచేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980ల నుంచీ ఇదే చెబుతూ వచ్చారు: సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి, అక్కడికక్కడ ప్రాక్టీసు చేయించినా, ఆ తర్వాత తరగతిలో పక్కన ఉండి సాయం చేసేవాళ్లు లేకపోతే నేర్చుకున్నది తరగతిదాకా వెళ్లదు. ఇది నేను చదివిందే. చదివి కూడా హాలు బుక్ చేశాను.

మాస్టారు అన్నారు, "హాలు మానేద్దామండీ. ఒక్కో సెంటర్లో వారానికి ఒక పూట చాప మీద కూర్చుందాం." అలాగే అనుకున్నాం.

జూలై మూడో వారం

ఇప్పుడు టీచర్లకి ఒకే ఒక్క విషయం చెబుతున్నాం. ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగండి.

ఇది మేం కనిపెట్టింది కాదు. మేరీ బడ్ రో అనే ఆవిడ అమెరికాలో ఎలిమెంటరీ సైన్సు తరగతుల టేపులు వందలకొద్దీ విని, 1970ల్లో ఈ సంగతి రాశారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారట. దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనడమూ నోరు మెదపకపోవడమూ తగ్గాయి, వెనకబడ్డారని టీచర్లు అనుకుంటున్న పిల్లలు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. రో రెండు చోట్ల ఆగమంటారు: మన ప్రశ్న తర్వాత ఒకసారి, పిల్ల జవాబు చెప్పాక ఇంకోసారి. ఈ రెండోదాని గురించి కింద రాస్తాను, అసలు కష్టమంతా అక్కడే ఉంది.

చెప్పడానికి సులువు గానీ, ఇరవై మంది పిల్లల ముందు మూడు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో కూర్చుంటే తెలుస్తుంది. టీచర్లకి టెన్షన్ వచ్చేస్తోంది. గడియారం చూడమంటే పిల్లల వైపు చూపు పోతోంది. వేళ్లు లెక్కపెట్టమంటే పిల్లలు వేళ్లనే చూస్తున్నారు. అప్పుడు లంక సెంటర్ టీచర్ గారే ఉపాయం చెప్పారు. "మనసులో మూడుసార్లు గోదారి అనుకుంటానండి. గోదారి... గోదారి... గోదారి. అప్పుడు నోరు తెరుస్తాను." స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, నిదానంగా అనుకుంటే మూడు సెకన్లు దాటుతోంది. ఆ రోజు నుంచి ఐదు సెంటర్లలోనూ అదే కొలత. "మేడం గారండీ, ఇవాళ రెండు గోదారులే ఆగగలిగానండి" అని ఫోన్ చేసి చెబుతున్నారు.

గురువారం అదే సెంటర్లో నేను చాప చివర కూర్చున్నాను. టీచర్ గారు పడవ బొమ్మ కార్డు తీశారు. ఈసారి "ఇదేంటి?" అనలేదు. "ఈ బొమ్మలో ఏం జరుగుతోంది?" అన్నారు. ముందు వరసలో ఎప్పుడూ మాట్లాడే ఇద్దరు "పడవా!" అని అరిచారు. టీచర్ గారు ఊరుకున్నారు. ఆవిడ పెదాలు కదలడం నాకు కనిపిస్తోంది, గోదారి అనుకుంటున్నారు. బయట ఎవరో కొబ్బరి మట్టలు ఈడ్చుకెళుతున్న చప్పుడు. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చున్న పాప, జూన్‌లో కొంగు పట్టుకున్న పాపే, చాలా చిన్నగా అంది: "దానికి ఇంజను లేదు."

అందరూ వెనక్కి తిరిగారు. టీచర్ గారు "శభాష్" అనబోయి ఆపుకున్నారు, నేను చూశాను. మళ్లీ ఊరుకున్నారు. పాప ఇంకాస్త గట్టిగా చెప్పింది. "మా నాన్న పడవకి ఇంజనుంది. తాడు లాగితే డుగుడుగుడుగు అంటది. ఒక్కోసారి అనదు." "మరి ఇంజను లేకపోతే ఎలా వెళ్తుందమ్మా?" "గెడేస్తారు." పక్కనున్న పిల్లాడు లేచి నిలబడి గెడ ఎలా వేస్తారో చూపించాడు, ఇంకొకడు పంటుకైతే గెడ అక్కర్లేదన్నాడు, పంటు పెద్దదా పడవ పెద్దదా అని వాదన మొదలైంది, పంటు మీద లారీ కూడా ఎక్కుతుందని ఒకడు తీర్పు చెప్పాడు. ఆ ఒక్క కార్డు మీద పదకొండు నిమిషాలు నడిచింది. మిగతా కార్డులు ఆ రోజు బయటికి రాలేదు.

పిల్లలు వెళ్లాక టీచర్ గారు కళ్లు తుడుచుకున్నారు. "ఏడాది నుంచీ వస్తోందండి ఆ పిల్ల. మాట సరిగ్గా రాదేమో, డాక్టరు గారికి చూపించమని వాళ్లమ్మకి నేనే చెప్పానండి."

ఇక్కడ ఒకటి రాసుకోవాలి. నిజంగా మాట ఆలస్యమయ్యే పిల్లలుంటారు, చెవి సరిగ్గా వినపడనివాళ్లుంటారు, వాళ్లని తొందరగా గుర్తించి చూపించాల్సిందే, అందులో ఆలస్యం పనికిరాదు. కానీ అలా అనుకునే ముందు ఆ పిల్లకి మాట్లాడే సందు దొరికిందా లేదా అన్నది చూడాలి.

జూలై ఆఖరు

రెండో ఆగడం గురించి. పిల్లలు ఏదైనా చెప్పగానే మన నోట్లోంచి "వెరీ గుడ్, చప్పట్లు కొట్టండి" అని వచ్చేస్తుంది. అది ప్రేమతో వచ్చేదే. కానీ చప్పట్లు పడ్డాయంటే ఆ మాట అక్కడితో అయిపోయినట్టే, పిల్లకి ఇంకా చెప్పాలని ఉన్నా చెప్పదు. రికార్డింగుల్లో చప్పట్ల తర్వాత అదే పిల్ల మళ్లీ మాట్లాడటం నాకు దాదాపుగా వినపడలేదు. అందుకే చప్పట్లు పూర్తిగా మానమనకుండా, వెనక్కి జరపమన్నాం: ముందు ఒక గోదారి ఆగండి, పిల్ల మాటనే తిరిగి అనండి, "అయితే ఒక్కోసారి ఇంజను అనదా?" అని, తర్వాత చప్పట్లు. కాలవ గట్టు టీచర్ గారికి ఇది ఇంకా కుదరడం లేదు. ఆవిడ మంచి పాటగత్తె, పిల్లలకి ఆవిడంటే ప్రాణం, సెంటరంతా సందడిగా ఉంటుంది, నిశ్శబ్దమంటేనే ఆవిడకి ఏదో తప్పు జరిగినట్టు ఉంటుందట. ఆవిణ్ణి బలవంతపెట్టదలచుకోలేదు.

సామాన్ల సంగతి. కొబ్బరి చిప్పలు చిన్నా పెద్దా వరసగా పేర్చడానికి, ఈనెలు పదేసి కట్టలు కట్టడానికి, తాటి బుర్రలు బండి చేసి లాగడానికి, కొబ్బరాకు బూర ఊదడానికి, అన్నీ ఊళ్లోనే దొరికాయి. ఈనెల కొసలు కత్తిరించి గరుకుగా లేకుండా రుద్దాం. ఒక సెంటర్లో లెక్కల కోసం గురివింద గింజలు సీసాలో పోసి పెట్టారు, ఎర్రగా నల్ల చుక్కతో చూడముచ్చటగా ఉన్నాయి. వెంటనే తీయించాం. గురివిందలో అబ్రిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది, గింజ నమిలి మింగితే చాలా ప్రమాదం. చింతపిక్కలు కూడా మూడేళ్లు నిండని పిల్లల చేతికి ఇవ్వం, ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి. ఇది చదివే టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ సీసాలు ఇవాళే చూడండి.

తల్లుల మీటింగులో మళ్లీ అదే ప్రశ్న. "పక్కింటి పిల్లోడు కాన్వెంటులో ఏబీసీడీలు రాసేస్తున్నాడండీ, మావోడు ఇక్కడ బూరలు ఊదుతున్నాడండీ." వాళ్ల భయం నిజమైనది, దాన్ని తీసిపారేయకూడదు. 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 14 వేల మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. ప్రభుత్వ సెంటర్లయినా ప్రైవేటు నర్సరీలయినా, చాలామంది పిల్లలు బడికి కావలసినంత సిద్ధం కాకుండానే ఒకటో తరగతికి చేరుతున్నారని అందులో తేలింది. గుమ్మం మీద ఏ బోర్డు ఉందన్నది కాదు, లోపల ఏం జరుగుతోందన్నది ముఖ్యం. ఇదంతా తల్లులకి చెప్పలేదు. మాస్టారు ఒక కొబ్బరి ఈనె తీసుకుని ఆకు నుంచి చీల్చమని ఒక నాలుగేళ్ల పిల్లాడికిచ్చారు. వాడు నాలుక బయటపెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, విరక్కుండా మెల్లగా చీల్చాడు. "పలక మీద బలపం పట్టుకునేది ఈ రెండు వేళ్లతోనేనమ్మా" అన్నారు మాస్టారు. కొందరికి నచ్చింది, ఇద్దరు మాత్రం పిల్లల్ని మాన్పించి కాన్వెంటులో వేశారు.

ఆగస్టు

వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, లంకల వాళ్లకి ఆ అంకె వినగానే ఏ సామాను ముందు పైకెత్తాలో తెలుసు. పంటు ఆపేశారు. యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. లంక సెంటర్లో మోకాలి లోతు నీళ్లు. జనమంతా ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్నారు.

టీచర్ గారి ఇల్లు కూడా మునిగింది. అయినా ఆవిడ గట్టు మీద తొమ్మిది మంది పిల్లల్ని చుట్టూ పెట్టుకుని కూర్చున్నారు. కార్డుల్లేవు, బొమ్మల్లేవు. పెద్దవాళ్లు నీటి అంచున ఒక పుల్ల పాతారు, నీరు ఎక్కుతోందా తీస్తోందా చూడటానికి. ఆవిడ ఆ పుల్ల చూపించి, "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడిగి ఊరుకున్నారు. "పొద్దున్న ఆ పుల్ల దగ్గరుంది. ఇప్పుడు పుల్ల మునిగిపోయింది." "అయితే?" ఆగారు. ఒక బుడ్డోడు పరిగెత్తి ఇంకో పుల్ల తెచ్చి కాస్త పైన గుచ్చాడు. సాయంత్రానికి పిల్లలు వరసగా నాలుగు పుల్లలు గుచ్చారు, మూడో పుల్ల దగ్గర నీళ్లు ఆగాయని ముసలివాళ్లకి వెళ్లి చెప్పొచ్చారు. ఎక్కువా తక్కువా, ముందూ వెనకా, ఎంతదూరం, ఇవన్నీ మేం హాల్లో స్లైడు మీద చూపించిన గణిత భావనలే.

తారాబాయి మోదక్ గుర్తొచ్చారు. భావనగర్‌లో గిజూభాయి బధేకాతో కలిసి పనిచేసి, 1945లో బోర్డీ అనే ఊళ్లో పల్లె పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టారు. పేటల పిల్లలు బడి దాకా రావడం లేదని, బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లారు. అంగన్ అంటే ముంగిలే. 1975లో అంగన్‌వాడీలు నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ మొదలైనప్పుడు సెంటర్లకి నిలిచిన పేరు అదే. ఆ గట్టు మీద ఆ పేరు నాకు పూర్తిగా అర్థమైంది.

సెప్టెంబరు మూడో వారం

బురద కడిగి సున్నం వేశాక మళ్లీ రికార్డు చేశాం. మూడు సెంటర్లలో ఆగడం బాగా పెరిగింది, తెరిచిన ప్రశ్నలూ పెరిగాయి. ఒకదాంట్లో కాస్త. అమలాపురం దగ్గరి సెంటర్లో ఏమీ మారలేదు, దానికి కారణం నాకు స్పష్టంగా తెలుసు. ఆ టీచర్ గారు పొద్దున్న బరువులు తూయాలి, ఎత్తులు కొలవాలి, గుడ్లూ పాలూ లెక్క రాయాలి, ఫోన్లో ఎంట్రీలు చెయ్యాలి, గర్భిణుల ఇళ్లకి వెళ్లాలి. మేం వెళ్లిన ఆరు పూటల్లో నాలుగు పూటలు ఆవిడకి చాప మీద కూర్చునే తీరికే దొరకలేదు. మూడు సెకన్లు ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తమిళనాడులో 640 సెంటర్ల మీద ఒక ప్రయోగం జరిగింది. కొన్ని సెంటర్లకి పిల్లల చదువు చూసుకోవడానికి సగం పూట పనిచేసే ఒక అదనపు మనిషినిచ్చారు. అక్కడ చదువు చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లల భాషా లెక్కలూ మెరుగయ్యాయి, పోషణ మీద కూడా మంచి ప్రభావం కనిపించింది. శిక్షణ ఎంత మంచిదైనా మనిషికి ఉన్నవి రెండు చేతులే. మా రిపోర్టులో ఈ విషయం మొదటి పేజీలోనే రాస్తున్నాను.

అక్టోబరు మొదటి వారం

మేం అనుకోనిది ఒకటి జరిగింది. లంక సెంటర్లో భోజనాల వేళ రికార్డర్ ఆపడం మరిచిపోయాం. సాయంత్రం వింటుంటే సెంటర్లో వంటా వడ్డనా చూసే ఆయమ్మ గొంతు. "పప్పు ఇంకొంచెం వెయ్యనా? లేకపోతే గుడ్డు ముందు తింటావా?" తర్వాత నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు గోదారులు. "గుడ్డు. కానీ పచ్చది నాకొద్దు." "ఎందుకొద్దమ్మా?" మళ్లీ నిశ్శబ్దం. "అది గొంతులో అతుక్కుంటది. నీళ్లు తాగితే పోద్ది." "అయితే నీళ్లు దగ్గరెట్టుకుని తింటావా?" ఆవిడకి మేం ఏమీ నేర్పలేదు, ఏ శిక్షణ జాబితాలోనూ ఆవిడ పేరు లేదు, గిన్నెలు కడుగుతూ మమ్మల్ని వింది అంతే. పిల్లలు రోజులో ఎక్కువసేపు మాట్లాడేది ఆవిడతోనే అని కూడా ఆ రికార్డింగుతోనే తెలిసింది.

ఆ రికార్డింగుకి ముందుగా అనుమతి తీసుకోలేదు గనక ఆయమ్మకీ తల్లులకీ వినిపించి, వాళ్లు సరేనన్నాకే రాసుకున్నాం, తర్వాత చెరిపేశాం. చుట్టుపక్కల సెంటర్ల టీచర్లంతా కలిసే వచ్చే సెక్టార్ మీటింగుకి ఐదుగురు ఆయమ్మల్నీ పిలవమని అడిగాం. సూపర్‌వైజర్ గారు ఒప్పుకున్నారు. ఆ రోజు పిల్లలకి వంట ఎవరు చేస్తారన్నది ఇంకా తేలలేదు. ఒక లంకలో ఇద్దరు తల్లులు మేం వండుతామండీ అన్నారు, మిగతా నాలుగు చోట్లా అడగాలి.